ఓకే అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా?

సినిమా సెట్లో డైరెక్టరు "షాట్ ఓకే" అన్నాడంటే దాన్ని మళ్ళీ తీయక్కర్లేదని. ల్యాబ్ నుంచి వచ్చినవాడు "రిపోర్టులన్నీ ఓకే" అన్నాడంటే భయపడాల్సిందేమీ లేదని. పెళ్ళిచూపులు అయ్యాక "వాళ్ళకి ఓకేనట" అని కబురొస్తే ఇక ముహూర్తాల మాట మొదలెట్టవచ్చని. కొత్త హోటల్లో బిర్యానీ ఎలా ఉందని అడిగితే "ఆఁ... ఓకే" అని సాగదీశాడంటే, బాగాలేదన్న మాట నోటితో అనలేక ఆగిపోయాడని. క్లాసులో మేష్టారు "ఓకే, ఇప్పుడు రెండో లెక్క" అన్నప్పుడు మాత్రం ఎవరూ దేనికీ ఒప్పుకోలేదు, ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ ఆ మాట పాఠంలో పేజీ తిప్పింది, అంతే.

రెండక్షరాల మాట ఇన్ని పనులు చేస్తోంది. ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన మాట ఏదంటే చాలామంది భాషావేత్తలు దీని పేరే చెబుతారు. అంతగా వాడుతున్నాం కాబట్టి ఇందులో చిక్కేమీ లేదనుకుంటాం. ఒక చిక్కుంది, చిన్నదేమీ కాదు. "నువ్వు చెప్పింది నా చెవిన పడింది" అనే ఓకే, "నువ్వు చెప్పినదానికి నేను సిద్ధం" అనే ఓకే పైకి అచ్చం ఒకలాగే వినిపిస్తాయి. ఇంట్లో తగాదాల దగ్గర్నుంచి విమానాశ్రయాల దాకా ఈ రెండూ కలగలిసిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు నష్టపోయారు. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలోకి ఎలా వచ్చి చేరాయో తెలియాలంటే దాని పుట్టుక దాకా వెళ్ళాలి. ఆ కథ కూడా మామూలుది కాదు.

ముందు మన నోట్లో ఈ మాట ఎలా ఉందో చూద్దాం. ఇంగ్లీషులో ఓకే నామవాచకం అవుతుంది, క్రియ అవుతుంది, విశేషణం అవుతుంది, ఒట్టి అవ్యయంగానూ పడి ఉంటుంది. తెలుగు దాన్ని ఇంకా సులువుగా లొంగదీసుకుంది. పక్కన "చేయు" పెడితే అధికారం వస్తుంది: "లోన్ ఓకే చేశారు". "అవు" పెడితే పని తనంతట తనే జరిగినట్టుంటుంది: "వీసా ఓకే అయింది". "గా" తగిలిస్తే ఓ మాదిరి: "ఒంట్లో ఓకేగానే ఉంది". "నా" తగిలిస్తే ప్రశ్న: "ఓకేనా?" ఆ ప్రశ్నకు జవాబు కూడా మళ్ళీ అదే మాట. మర్యాద కావాలంటే "ఓకేనండీ", "ఓకే సార్". చనువుంటే "ఓకే రా". రెండుసార్లు గబగబా "ఓకే ఓకే" అంటే అర్థమైంది, ఇక ఆపమని. మొదటి అక్షరాన్ని లాగి "ఓ... కే" అంటే నమ్మకం కుదరలేదని. వాట్సాప్‌లో పెద్ద ఉత్తరమంత మెసేజీ పెట్టినవాళ్ళకి బదులుగా ఒక్క "కే" వస్తే మాత్రం చిన్నబుచ్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు, నాకూ అలాగే అనిపిస్తుంది.

రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చుకునేవాళ్ళ చేతుల్లో "ఓకే" తరచుగా "ఒకే" అయిపోతోంది. "ఒకే" మనకు ఎప్పటినుంచో ఉన్న వేరే మాట: ఒకే ఊరు, ఒకే మాట, ఒకే కంచం. "ఇద్దరికీ ఒకే" అని మెసేజ్ వస్తే ఇద్దరూ ఒప్పుకున్నారనా, ఇద్దరికీ ఏదో ఒక్కటే ఉందనా? ఓకారానికి దీర్ఘం ఇవ్వడం ఇక్కడ సోకు కోసం కాదు, అర్థం కోసం.

ఓకే రాకముందు మనం ఎలా బతికాం అంటే, బాగానే బతికాం. ఓకే ఒక్కటే చేసే పనిని మన భాష నాలుగైదు మాటలకు పంచి పెట్టింది. "సరే" అంటే లెక్క కుదిరింది, ఒప్పుకున్నాను. సరిచూడటం, సరిపోవడం, సరి-బేసి అన్నిటిలోనూ ఉన్న ఆ "సరి"యే ఇక్కడా ఉంది. తమిళం, కన్నడం, మలయాళాల్లోనూ ఇదే మాట ఇదే పనికి వాడతారు. "అలాగే" అంటే నువ్వు చెప్పిన తీరునే చేస్తాను, తెలంగాణలో "అట్లనే". ఇందులో ఒప్పుకోలు కన్నా చేస్తానన్న మాట ఇవ్వడం ఎక్కువ. "కానీ", "కానివ్వండి" అంటే అనుమతి. "సరేలే" అన్నా, "సరే తియ్" అన్నా ఇష్టం లేకపోయినా వదిలేశాను అని. ఇక "ఊఁ" ఉంది. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు. ఆ ఊఁకి అర్థం ఒప్పుకున్నానని కాదు. నిద్రపోలేదు, వింటున్నాను, తర్వాత ఏమైందో చెప్పు అని. రాజుగారి ఏడుగురు కొడుకులూ వేటకు వెళ్ళారంటే పిల్లవాడు ఊఁ అంటాడు. వాళ్ళు వెళ్ళడం అతనికి సమ్మతమా కాదా అని ఎవరూ అడగరు.

వినడానికి ఊఁ, ఒప్పుకోవడానికి సరే, చేస్తానని చెప్పడానికి అలాగే. గట్లు ఇంత స్పష్టంగా వేసి ఉన్న పొలంలోకి ఓకే వచ్చి గట్లన్నీ కలిపేసింది. ఇంగ్లీషు మాట వచ్చి తెలుగును పాడుచేసిందని నేను అనడం లేదు. మాటలు వస్తాయి, ఉంటాయి. కానీ ఈ మాటకు ఉన్న లక్షణం ఏమిటో తెలిసి వాడాలంటాను.

బోస్టన్‌లో ఒక పరిహాసం

1839 మార్చి 23. అమెరికాలోని బోస్టన్ నగరంలో "బోస్టన్ మార్నింగ్ పోస్ట్" అనే పత్రిక. దాని సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ఆరోజు రెండో పేజీలో, ప్రావిడెన్స్ నగరంలోని ఒక పత్రికను ఆటపట్టిస్తూ రాసిన చిన్న ముక్కలో రెండు అక్షరాలు కనిపిస్తాయి: ఓ.కె. వాటి పక్కనే వివరణ కూడా ఉంది: ఆల్ కరెక్ట్, అంటే అంతా సరిగ్గా ఉంది. ఇప్పటిదాకా దొరికిన వాటిలో ఈ మాట అచ్చయిన మొదటి చోటు అదే. పక్కన వివరణ ఇవ్వాల్సి వచ్చిందంటే పాఠకులకు ఇంకా అలవాటు కాలేదన్నమాట.

ఇక్కడ ఇంగ్లీషు స్పెల్లింగు తెలిసినవాళ్ళకి ఒక అనుమానం రావాలి. "ఆల్" మొదలయ్యేది ఏ అక్షరంతో, "కరెక్ట్" మొదలయ్యేది సీ అక్షరంతో. అప్పుడు రావాల్సినవి ఏ, సీ. ఓ, కే ఎలా వచ్చాయి? పరిహాసం అంతా అక్కడే ఉంది. చదువురాని వాడు చెవికి వినిపించినట్టు రాస్తే "ఆల్" ఓతోనూ, "కరెక్ట్" కేతోనూ మొదలవుతాయి. అంతా కరెక్టే అని చెప్పే మాటలో రెండు అక్షరాలుంటే రెండూ తప్పే. రాసినట్టే చదివే తెలుగులో ఇలాంటి హాస్యం పుట్టదు. ఒకే ధ్వనికి రెండు మూడు అక్షరాలున్న ఇంగ్లీషులోనే పుడుతుంది.

ఇది గ్రీన్ ఒక్కడి వింత కాదు. 1838 వేసవి నుంచీ బోస్టన్ పత్రికల వాళ్ళకి మాటల్ని పొడి అక్షరాలుగా కత్తిరించే సరదా పట్టుకుంది. అల్పుల్ని ఇంగ్లీషు వాడుకలో చిన్న బంగాళదుంపలంటారు, "స్మాల్ పొటేటోస్", దానికి ఎస్.పి. అప్పులవాళ్ళకు దొరక్కుండా పారిపోయినవాడు టెక్సాస్ చేరాడు, "గాన్ టు టెక్సాస్", దానికి జి.టి. ఆ సరదా ముదిరి తప్పు స్పెల్లింగుల్లోకి దిగింది. లాభం లేదు అనడానికి "నో గో" అంటారు. ఆ "నో"ని తెలుసుకోవడం అనే అర్థమున్న "నో"గా, కే అక్షరంతో రాసి కే.జి. అన్నారు. "ఆల్ రైట్"లోని "రైట్"ని డబ్ల్యూతో మొదలెట్టి తప్పుగా రాసి ఓ.డబ్ల్యూ. అన్నారు. ఈ కాలపు కుర్రాళ్ళు చాటింగులో మాటల్ని కత్తిరిస్తున్నారని విసుక్కునే పెద్దలు ఒకసారి ఆ పత్రికలు చూడాలి. గడ్డాలు నెరిసిన సంపాదకులే ఆ పని చేశారు.

ఆ ఏడాది చివరికల్లా ఓ.కె. న్యూయార్క్ పత్రికల్లోనూ, ఫిలడెల్ఫియాలోనూ కనిపించింది. అయినా మిగతా పొడి అక్షరాలతోపాటు రెండు మూడేళ్ళలో అది కూడా మాయమైపోవలసిందే. ఓ.డబ్ల్యూ. ఇప్పుడెక్కడుంది? ఓకేని కాపాడింది ఒక ఎన్నిక.

1840లో అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశాడు. ఆయనది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ అనే ఊరు. ఆయన గురువు ఆండ్రూ జాక్సన్‌కి "ఓల్డ్ హికరీ" అని ముద్దుపేరు ఉన్నట్టే, ఈయనకు "ఓల్డ్ కిండర్‌హుక్" అని పేరు పెట్టారు. అందులోని మొదటి అక్షరాలు తీస్తే ఓ, కే. న్యూయార్క్‌లోని ఆయన పార్టీ వాళ్ళు ఓ.కె. క్లబ్ పెట్టి, అదే నినాదంగా వీధుల్లోకి వచ్చారు. మా నాయకుడు కిండర్‌హుక్ పెద్దాయన, ఆయన అంతా సరైనవాడు అని ఒకే మాటలో రెండు అర్థాలు. ఎదుటి పార్టీ ఊరుకుంటుందా? అదే అక్షరాల్ని తీసుకుని డబ్బులేని, పరపతిలేని, నడతలేని పార్టీ అని, వాటికి కూడా కే అక్షరంతోనే తప్పు స్పెల్లింగులు కట్టి ఎదురు కొట్టింది. ఇంకో దెబ్బ జాక్సన్ మీద పడింది. ఆయనకు స్పెల్లింగు రాదనీ, అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కాగితాల మీద "అంతా సరిగ్గా ఉంది" అని రాయబోయి ఓ.కె. అని రాసేవాడనీ ఒక కట్టుకథ అల్లారు. వాన్ బ్యూరెన్ ఆ ఎన్నికలో విలియం హెన్రీ హారిసన్ చేతిలో ఓడిపోయాడు. ఓకే మాత్రం గెలిచింది.

ఆ కట్టుకథ ఒక మేలు కూడా చేసింది. కాగితం చూసి, తప్పులేదని ఒక మూల ఓ.కె. అని గిలికి సంతకం పెట్టడం అనే ఊహను అది జనం ముందుంచింది. తర్వాతి దశాబ్దాల్లో గుమాస్తాలు, వ్యాపారులు నిజంగానే ఆ పని చేయసాగారు. ఇక్కడే మొదటి మలుపు: "ఇది సరిగ్గా ఉంది" అన్న మాట "దీన్ని నేను అనుమతించాను" అయింది. మన ఆఫీసుల్లో ఫైలు ఓకే కావడం అంటే ఇప్పటికీ అదే కదా.

రెండో మలుపు తంతి కంపెనీల దగ్గర. 1844లో మోర్స్ తంతి వచ్చాక, తీగ అవతలి కొసన ఉన్నవాడికి వార్త చేరిందో లేదో ఇవతలి వాడికి తెలియాలి. దానికి రెండక్షరాల మాట బాగా సరిపోయింది. 1860ల నాటికి అవతలి ఆఫీసు నుంచి ఓకే రాకపోతే తంతి చేరినట్టు లెక్కకాదు. ఆ ఓకే కొట్టినవాడు అందులోని సంగతిని మెచ్చుకోలేదు, ఒప్పుకోలేదు. చావు కబురైనా, పత్తి ధరలైనా అతను కొట్టింది ఓకేనే. అంటే "అందింది" అని మాత్రమే. ఊఁ కొట్టడం ఓకేలోకి వచ్చి కూర్చుంది అక్కడే. సంపాదకుడి పరిహాసంగా పుట్టిన మాట యాభై ఏళ్ళు తిరక్కుండానే అధికారి అనుమతి అయింది, తంతి గుమాస్తా రసీదు కూడా అయింది. ముగ్గురి మాటనీ మనం ఒకే నోటితో పలుకుతున్నాం.

మిగతా కథలు ఎందుకు నిలవవు

ఇదంతా తేల్చినవాడు అలెన్ వాకర్ రీడ్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఆయన పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో మెరుపేమీ లేదు, ఓపిక తప్ప. పాత పత్రికల కట్టలు విప్పి ఒక్కో పేజీ చదివాడు. 1941లో ఆయనకు దొరికిన ఆధారం 1840 నాటి ఓ.కె. క్లబ్ దాకానే తీసుకెళ్ళింది. అప్పటికి అదే పుట్టుక అని రాశాడు. అక్కడితో వదిలేయలేదు. ఇరవై ఏళ్ళు దాటాక, 1963-64లో "అమెరికన్ స్పీచ్" అనే పత్రికలో వరసగా రాసిన వ్యాసాల్లో ఇంకా వెనక్కి, 1839 బోస్టన్ దాకా వెళ్ళి, పొడి అక్షరాల సరదా మొత్తాన్నీ బయటపెట్టాడు.

ఈలోగా, ఆ తర్వాత కూడా, రకరకాల కథలు తిరుగుతూనే ఉన్నాయి. వాట్సాప్‌లో ఎక్కువగా కనిపించేది యుద్ధం కథ: సైనికులు శిబిరానికి తిరిగొచ్చాక చనిపోయినవాళ్ళు సున్నా అని పలక మీద సున్నా చుట్టి, పక్కన చంపడం అనే మాటకు గుర్తుగా కే రాసేవారట. వినడానికి బాగుంది. అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైంది. ఓకే అప్పటికి ఇరవై రెండేళ్ళది. ఆ యుద్ధంలో సైనికులు తిన్న బిస్కెట్ల మీద తయారీదారు పేరులోని అక్షరాలు ఓ.కె. అని ఉండేవన్న కథ కూడా ఇదే తేదీ దగ్గర బోర్లాపడుతుంది. 1790లో టెన్నెసీ కోర్టు దస్తావేజులో జాక్సనే ఓ.కె. అని రాశాడన్నారు, తీసి చూస్తే అది ఓ.ఆర్., ఉత్తర్వు నమోదైంది అనడానికి గుమాస్తా వేసిన గుర్తు.

కొన్ని కథలకు మాత్రం మర్యాద ఇవ్వాలి. అమెరికా ఆదివాసులైన చాక్టా జాతివారి భాషలో "ఓకే"కి దగ్గరగా ఉన్న మాట ఉంది. "అంతే, నిజమే" అన్న అర్థంలో వాక్యం చివర వస్తుంది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఇదే పుట్టుక అని నమ్మి, ఆ స్పెల్లింగుతోనే రాసేవాడు. కొన్ని నిఘంటువులు కూడా కొంతకాలం దీన్నే చెప్పాయి. పశ్చిమ ఆఫ్రికాలోని వోలోఫ్ భాషలో "వావ్ కే" అంటే గట్టిగా అవును అనడం. బానిసలుగా తెచ్చిన మనుషుల నోట అది అమెరికాకు వచ్చి ఉంటుందని 1970ల మొదట్లో ఒక వాదన బలంగా వచ్చింది. ఆ వాదన వెనక న్యాయమైన బాధ ఉంది. ఆ మనుషుల మాటల్ని అచ్చువేసినవాళ్ళే లేరు, ఆధారం చూపమంటే ఎక్కడినుంచి తెస్తారు? అయినా ఆ మాట నుంచి ఈ మాటకు దారి చూపే రాత ఇంతవరకు దొరకలేదు. 1839 తర్వాత మాత్రం నెలనెలా దారి కనిపిస్తోంది. గ్రీకులో "ఓలా కలా" అంటే అంతా బాగుంది, ఫిన్నిష్‌లో "ఓయికేయా" అంటే సరైనది. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. మనం మాత్రం తక్కువ తిన్నామా? తెలుగు అన్న పేరు త్రిలింగ శబ్దం నుంచే వచ్చిందని తరాలుగా చెప్పుకుంటున్నాం. ముందు తెలుగు ఉంటే తర్వాత త్రిలింగం కుదిర్చారని భాషావేత్తలు చాలామంది చెప్పినా ఆ కథ మనల్ని వదల్లేదు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. పొడి అక్షరాలతో మాట పుట్టిందని ఎవరైనా కథ చెబితే సాధారణంగా నమ్మకూడదు. ఇరవయ్యో శతాబ్దానికి ముందు మాటలు ఆ దారిన పుట్టడం చాలా అరుదు. అలా చెప్పే కథలు దాదాపు అన్నీ తర్వాత అల్లినవే. ఓకే ఆ సూత్రానికి నిజమైన మినహాయింపు. అందుకే దీని విషయంలో అసలు కథే కట్టుకథలా అనిపిస్తుంది, కట్టుకథలు అసలువిలా అనిపిస్తాయి.

పందొమ్మిదో శతాబ్దమంతా పెద్ద రచయితలు ఈ మాటను దూరంగానే పెట్టారు. అలా చిన్నచూపు చూడటం చాలాకాలం సాగింది. 1980ల మొదట్లో యాపిల్ కంపెనీ లీసా అనే కంప్యూటరు తయారుచేస్తున్నప్పుడు, తెర మీద సమ్మతి తెలిపే మీటకు ఓకే అని పెట్టడం మరీ నాటుగా ఉంటుందని "డూ ఇట్", అంటే కానివ్వు, అని పెట్టారు. పరీక్షకు పిలిచినవాళ్ళు ఆ మీట జోలికి పోకుండా రద్దు చేసే మీటే నొక్కుతున్నారు. కారణం అడిగితే ఒకాయన చిరాకుపడ్డాడట: ఇది నన్ను మొద్దు అంటోందేమిటి అని. రెండు మాటల మధ్య ఖాళీ సరిగా కనబడక, పెద్ద ఐ అక్షరం చిన్న ఎల్‌లా ఉండి, "డూ ఇట్" ఆయన కళ్ళకు "డోల్ట్"గా కనిపించింది. ఆ మాటకు అర్థం మందబుద్ధి. నాటుదనుకున్న ఓకేనే తెచ్చి పెట్టారు. ఇవాళ మనం ఫోన్లలో నొక్కే ఓకేలకు అదో మూలం. ఆ మీట మీది ఓకే కూడా గమనించండి: "సరే, చెయ్యి" అని కొన్నిచోట్ల, "సరే, చదివాను, పక్కకి తప్పుకో" అని కొన్నిచోట్ల. రెండో రకం అలవాటైపోయి మొదటి రకాన్ని కూడా చదవకుండానే నొక్కేస్తున్నాం.

టెనరీఫే

ఈ రెండర్థాల చిక్కు ఎంత దూరం తీసుకెళ్ళగలదో 1977 మార్చి 27న తెలిసింది. అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్‌కి చెందిన కానరీ దీవులు. గ్రాన్ కనారియా విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడికి వెళ్ళాల్సిన విమానాలను పక్క దీవి టెనరీఫేలోని లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్ళించారు. ఉన్నది ఒకటే రన్‌వే. పక్కదారి నిండా ఆగిన విమానాలే. బయల్దేరే సమయానికి కొండల మీదినుంచి దట్టమైన పొగమంచు దిగింది. డచ్చి సంస్థ కేఎల్ఎమ్ బోయింగ్ 747 రన్‌వే చివరికి వెళ్ళి తిరిగి నిలబడింది. అదే రన్‌వే మీద, అదే పొగమంచులో, అమెరికా సంస్థ ప్యాన్ యామ్ 747 ఎదురుగా నెమ్మదిగా వస్తోంది. ఒకరికొకరు కనిపించరు. కంట్రోల్ టవర్‌లో ఉన్నవాళ్ళకు ఇద్దరూ కనిపించరు. ఉన్న ఆధారమల్లా రేడియోలో వినిపించే మాటలే.

గాల్లోకి లేచాక ఏ దారిన వెళ్ళాలో చెప్పే అనుమతి కేఎల్ఎమ్‌కు వచ్చింది. నేల విడవడానికి అనుమతి ఇంకా రాలేదు. కోపైలట్ దారి వివరాలు తిరిగి చదివి, చివర్లో "మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నాడు. బయల్దేరుతున్నాం అని అతని భావం కావచ్చు. సిద్ధంగా నిలబడి ఉన్నారని కంట్రోలర్‌కి అర్థమైంది. కంట్రోలర్ "ఓకే" అన్నాడు. ఒకటి రెండు సెకన్లు ఆగి, టేకాఫ్‌కి సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా ఆ క్షణంలోనే మేమింకా రన్‌వే మీదే ఉన్నామని ప్యాన్ యామ్ వాళ్ళు కూడా మాట్లాడారు. రెండు మాటలూ ఒకే తరంగం మీద ఢీకొని, కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో కీచుమన్న చప్పుడే మిగిలింది. స్పష్టంగా వినిపించింది ఒక్క ఓకే. కంట్రోలర్ అన్నది తంతి గుమాస్తా ఓకే: విన్నాను. కాక్‌పిట్‌లో వినబడింది అధికారి ఓకే: వెళ్ళండి. 583 మంది చనిపోయారు. విమాన ప్రమాదాల చరిత్రలో అంతకన్నా పెద్దది ఇప్పటికీ లేదు.

ఆ ఒక్క మాట మీదే నేరం మోపడం అన్యాయం. విమానం అప్పటికే కదలడం మొదలైంది; పొగమంచుంది, ఆలస్యం అవుతోందన్న తొందర ఉంది, కేఎల్ఎమ్ కెప్టెన్ అనుభవం ముందు మిగతావాళ్ళ సందేహం నిలవలేకపోయింది. ప్యాన్ యామ్ ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు కూడా. కానీ ఆ తర్వాత మార్చుకున్న పద్ధతులు చూస్తే మాటల విషయంలో ఎంత భయపడ్డారో తెలుస్తుంది. నిజంగా నేల విడిచే అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చినదాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో "టేకాఫ్" అన్న మాటే ఎత్తకూడదన్నారు. మిగతా చోట్ల "డిపార్చర్" అనాలి. ముఖ్యమైన ఆదేశానికి జవాబుగా ఒట్టి ఓకే చాలదు. ఆదేశాన్నే తిరిగి చదివి వినిపించాలి. నువ్వు విన్నది నేను చెప్పినదేనా అని అప్పుడే తేలుతుంది.

సముద్రం అడుగున ఈదే డైవర్లది ఇంకో ఏర్పాటు. బొటనవేలు పైకి చూపితే వాళ్ళ భాషలో బాగుందని కాదు, పైకి పోదామని. కాబట్టి బాగున్నాననడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడతారు. అదే ప్రశ్న, అదే జవాబు. జవాబు రాకపోతే ప్రమాదంగానే లెక్కిస్తారు. ఈ సున్నా గుర్తుని బ్రెజిల్‌లో చూపితే మాత్రం బూతు, జపాన్‌లో డబ్బులని అర్థం. నోటి మాట వెళ్ళినంత సులువుగా చేతి సైగ ప్రపంచం చుట్టి రాలేకపోయింది.

ఆసుపత్రుల్లోనూ తిరిగి చెప్పించుకునే పద్ధతి ఉంది. డాక్టరు ఫోన్లో మందు, మోతాదు చెబితే నర్సు రాసుకుని, రాసుకున్నది చదివి వినిపించాలి. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు "అర్థమైందా?" అని అడిగి, "ఓకే సార్" అనిపించుకుని పంపడం కన్నా, ఇంటికెళ్ళి ఏది ఎప్పుడు వేసుకుంటారో మీరే చెప్పండి అని అడగమని వైద్య శిక్షణలో చెబుతారు. మా అమ్మకు బీపీ మాత్రలు మార్చినప్పటి నుంచి నేను ఇదే చేస్తున్నాను. చీటీ చూసి అంతా చెప్పాను. ఓకే అంది. టీవీ వైపు తిరగబోతుంటే ఆపాను.

"అమ్మా, రాత్రికి ఏది వేసుకుంటావో చెప్పు."

"తెల్లది. అన్నం తిన్నాక. ఒకటి."

"సగం, అమ్మా. పొద్దున్నది ఒకటి, రాత్రిది సగం."

"నువ్వు సగం అన్లేదే" అంది. అన్నాను. కానీ దాని గురించి వాదించలేదు. మాత్రల డబ్బా తెచ్చి, రాత్రి గడిలో ఉన్నవన్నీ ఇద్దరం కూర్చుని సగానికి విరిచి పెట్టాం.